పొట్టుమంచు ఓడ

మంచుకొండల దిగువన ఉన్న ఒక పెద్ద అడవిలో జంతువులు ఉప్పు కోసం అల్లాడిపోతున్న రోజులవి.

అడవి ముందు పెద్ద సరస్సు ఉండేది. సరస్సు అవతలి ఒడ్డున తోడేళ్ళ అడవి. రెండింటికీ నడుమ నీళ్ళలో ఒక ఉప్పుదిబ్బ. దాని మీద చెట్టూ లేదు, గడ్డీ లేదు, తెల్లటి ఉప్పురాయి తప్ప మరేమీ లేదు. తరతరాలుగా రెండు అడవుల జంతువులూ ఒకే తెప్ప మీద వంతులవారీగా అక్కడికి పోయి, తనివితీరా నాకి వచ్చేవి. ఒకసారి తెప్ప అవతలి ఒడ్డున ఉన్న సమయం చూసుకుని తోడేళ్ళ దొర ఆ దిబ్బ తమదేనని చాటించాడు. తెప్ప మళ్ళీ ఇటు రాలేదు.

ఈ అడవిని ఏలే పులి విక్రాంతుడు వెంటనే యుద్ధం ప్రకటించాడు. ప్రకటించడం వరకూ బాగానే జరిగింది. వెళ్ళి యుద్ధం చెయ్యడమే కుదరలేదు. ఈదుకుంటూ పోదామంటే ఆ నీళ్ళు నడివేసవిలో కూడా ఎముకలు కొరికేవి.

నిజానికి ఉప్పు లేకపోయినా పులికి ఏమీ కాదు. మంత్రి నక్కకూ ఏమీ కాదు. వాళ్ళకు కావలసిన ఉప్పు వాళ్ళు తినే మాంసంలోనే ఉంటుంది. బాధంతా గడ్డి తినేవాళ్ళది.

సారంగి అనే లేడికి ఆ ఏడే పిల్ల పుట్టింది. ఒంటి మీద మచ్చలు గవ్వల్లా ఉన్నాయని దానికి గవ్వ అని పేరు పెట్టుకుంది. ఉప్పు లేక తల్లికి పాలు తగ్గాయి. పిల్లకు కాళ్ళు నిలవడం లేదు. నాలుగడుగులు వేసి కూలబడేది. సారంగి కనిపించిన రాయినల్లా నాకింది. చెమట పట్టిన కోతులను నాకింది. కోతులు మొదట చక్కిలిగింతలకు నవ్వాయి గానీ, లేళ్ళన్నీ వరసకట్టేసరికి చెట్లెక్కి దిగడం మానేశాయి.

రాజుగారు కొలువు తీర్చి, దిబ్బ మీదికి సైన్యాన్ని చేర్చే మార్గం చెప్పమన్నాడు. ఇంకో తెప్ప కట్టుకుంటే పోతుంది కదా అన్నారెవరో. మంత్రి నక్క నయగుప్తుడు అభ్యంతరం చెప్పాడు. యుద్ధం ముగిసేదాకా ఒక్క చెట్టు కూడా కొట్టకూడదన్నాడు. చెట్లు కొట్టేస్తే శత్రువును కనిపెట్టి చూసే కోతులు ఎక్కడ కూర్చుంటాయని అడిగాడు. ఆ ముందుచూపుకు కొలువంతా తలలూపింది. ఆజ్ఞ వెలువడింది.

ఆ తర్వాత రాతితో ఒక పడవ చేసి చూశారు. అది నీళ్ళలోకి చాలా వేగంగా వెళ్ళింది. ఆకులతో ఒక పడవ చేశారు. అడవిపంది అయిన సేనాపతి కోరమల్లు దాని మీద కాలు పెట్టాడు. కాలు ఒక్కటే పెట్టగలిగాడు. మిగతా సేనాపతిని ఏనుగులు తొండాలతో బయటికి లాగాయి.

సారంగి పొద పక్కనే ఒక బొరియలో సూదప్ప అనే ముళ్ళపంది ఉండేవాడు. ఆలోచన వస్తే చాలు, ఏదో ఒక కర్ర తీసుకుని కొరుకుతూ కూర్చోవడం ఆయన అలవాటు. ఆలోచన ఎంత పెద్దదైతే పొట్టు అంత ఎక్కువ. ఆ రోజుల్లో ఆయన ఆలోచనంతా గవ్వ గురించే. కొరికిన పొట్టంతా బొరియ ముందున్న నీటిగుంటలో పడింది. ఆ ఏడు చలి ముందుగానే దిగింది. పొద్దున్నే నీళ్ళు తాగుదామని వస్తే గుంట గడ్డకట్టి ఉంది. రాయి తీసుకుని కొట్టాడు. రాయి పగిలింది. ఇంకా పెద్ద రాయి తెచ్చి కొట్టాడు. అదీ పగిలింది.

సూదప్ప ఆ గడ్డను పెళ్ళగించి సరస్సులోకి దొర్లించాడు. తేలింది. ఎక్కి గెంతాడు. అయినా తేలింది. ఎండ ఎక్కి, మామూలు మంచు అంతా కరిగిపోయిన తర్వాత కూడా అది అలాగే ఉంది. పొట్టు, మంచు రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని వదలడం లేదు.

ఆయన పరుగున సారంగి దగ్గరికి వెళ్ళి, తల్లీ పిల్లా కూర్చునేంత చిన్న తెప్ప ఒకటి చేసిపెడతాను, పది కర్రలు కొరికితే చాలు, చెట్టు ముట్టుకోనక్కర్లేదు అన్నాడు. సారంగి ఆ మాటకే ఏడ్చినంత పని చేసింది. అయితే సరస్సు యుద్ధశాఖ కింద ఉంది. అందులో ఏది వెయ్యాలన్నా అనుమతి కావాలి. అందుకని సూదప్ప ఆ గడ్డను నెత్తిన పెట్టుకుని మంత్రి దగ్గరికి పోయాడు. ఆయన జీవితంలో చేసిన పెద్ద పొరపాటు అదే.

నయగుప్తుడు గడ్డను వాసన చూశాడు, తట్టి చూశాడు, కాసేపు దాని మీద కూర్చున్నాడు.

"ఎంత పెద్దది చేద్దామనుకుంటున్నావు?" అని అడిగాడు.

"ఒక తల్లీ పిల్లా పట్టేంత, మంత్రిగారూ."

"అంత చిన్నదానికి మంత్రి ఎందుకు, సేనాపతి ఎందుకు, రాజుగారెందుకు? మేమంతా పట్టేంత కట్టాలి."

మర్నాడు కొలువులో రెండు గడ్డలు పెట్టారు. ఒకటి మామూలు మంచు, రెండోది పొట్టుమంచు. సేనాపతి కోరమల్లు దూరం నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి మొదటిదాన్ని కుమ్మాడు. అది పిండి పిండి అయింది. అందరూ మెచ్చుకున్నారు. ఆ ఊపులోనే ఆయన రెండోదాన్ని కుమ్మాడు. గడ్డ కదల్లేదు. ఆయన మాత్రం వచ్చిన వేగంతోనే వెనక్కి ఎగిరి, సభికుల తలల మీదుగా పోయి, సింహాసనం మీద రాజుగారి పక్కన కూర్చున్నాడు. ఒక కోర గడ్డలోనే ఉండిపోయింది.

విక్రాంతుడు పక్కకు జరగకుండానే సేనాపతిని ఎగాదిగా చూశాడు. మన సేనాపతినే తిప్పికొట్టిందంటే శత్రువు ఒక లెక్కా అన్నాడు.

ఇంకో పరీక్ష మంత్రిగారు స్వయంగా చేసి చూపించాడు. కొండ పక్కన వేడినీళ్ళ ఊట ఒకటుంది. రాజుగారు రోజూ అందులో కూర్చుని స్నానం చేస్తాడు. ఆయన కళ్ళు మూసుకుని హాయిగా ఉన్న సమయంలో నయగుప్తుడు పొట్టుమంచు ముక్కనొకదాన్ని తెచ్చి ఒళ్ళో వేశాడు. రాజుగారు వేసిన కేకకు కొండచరియ ఒకటి విరిగిపడింది. ముక్క మాత్రం కరగలేదు. స్నానం ముగిసేవరకూ కరగలేదు. నీళ్ళే చల్లబడ్డాయి. విక్రాంతుడు తుమ్ముకుంటూనే ఓడకు ఒప్పుకున్నాడు. ఆ ఓడ పేరు అప్పుడే పెట్టేశారు: విక్రాంత విజయం.

ఓడలశాఖ అని కొత్తగా ఒకటి ఏర్పడింది. దానికి ఎలుగుబంటి భల్లయ్యను అధిపతిని చేశారు. ఆయన గొప్ప ఇంజనీరని అడవిలో పేరు. ఆ పేరు ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు గానీ, అంత లావు శరీరాన్ని చూసి కాదనేవాళ్ళు కూడా లేరు. పదవి అందుకున్న రోజే తొలి మంచు పడింది. భల్లయ్య అందరికీ కృతజ్ఞతలు చెప్పి, గుహలోకి వెళ్ళి, చలికాలం నిద్ర మొదలుపెట్టాడు. ఎలుగుబంట్లు అంతే. వసంతం దాకా లేవవు.

దీనివల్ల పనేమీ ఆగలేదు. పైగా చురుకుగా సాగింది. నయగుప్తుడు గుహ వాకిట నిలబడి చెయ్యవలసిన పనులు పైకి చదివేవాడు. లోపలినుంచి గురక వినిపిస్తే ఒప్పుకున్నట్టు. భల్లయ్య అటునుంచి ఇటు ఒత్తిగిలితే మళ్ళీ పరిశీలించమన్నట్టు. మొత్తం చలికాలంలో ఆయన ఒక్కసారే ఒత్తిగిలాడు. ఆ పనిని మంత్రి పేరు మార్చి మళ్ళీ చదివాడు.

మొదట యాభైమంది సైనికులు పట్టే ఓడ అనుకున్నారు. రాజుగారు వస్తే సింహాసనం పట్టాలి కదా అన్నారు. సింహాసనం ఉంటే కొలువుకూటం ఉండాలి. కొలువు కూర్చోవాలంటే బంధువులకు చోటుండాలి. రాజుగారికి పొద్దున్నే వేడినీళ్ళ స్నానం లేకపోతే ఆజ్ఞలివ్వడానికి నోరు రాదు. అందువల్ల ఓడ నడుమ స్నానపు తొట్టి కూడా ఉండాలని తీర్మానమైంది. మంచు ఓడలో వేడినీళ్ళేమిటని సూదప్ప అడిగాడట. గుహ వాకిట అడిగి చూశారు. గురక వచ్చింది.

ఓడ పెరిగేకొద్దీ పొట్టు ఎక్కువ కావలసి వచ్చింది. అడవిలోని వడ్రంగిపిట్టలన్నిటినీ పనిలో పెట్టారు. ముందు నేల మీద పడి ఉన్న ఎండుకొమ్మలు పొడిచాయి. అవి అయిపోయాక ఎండిన మాన్లు. ఆ తర్వాత ఎండబోయే మాన్లు అన్నారు. ఏ చెట్టయినా ఏదో ఒకరోజు ఎండబోయేదే కనుక, అన్ని చెట్లూ ఆ లెక్కలోకే వచ్చాయి. ఏనుగులు పడదోస్తే పిట్టలు పొట్టు చేశాయి. దేవదారులు పడ్డాయి, అక్రోటు చెట్లు పడ్డాయి. కోతులు కాపలా కూర్చునే చెట్లు కూడా పడ్డాయి. కోతులు నేల మీద కూర్చుని, పడిన చెట్ల వేళ్ళ చాటునుంచి శత్రువుకేసి చూసేవి. ఏమీ కనిపించేది కాదు. ఏమీ కనిపించడం లేదంటే శత్రువు భయపడి దాక్కున్నాడని రోజూ వచ్చి చెప్పేవి.

ఒకరోజు సూదప్ప గుట్టలుగా పడి ఉన్న దుంగల మధ్య నిలబడి చుట్టూ చూశాడు. తన బొరియ మీద నీడ లేదు. సారంగి పొద లేదు. నేరుగా మంత్రి దగ్గరికి పోయాడు.

"మంత్రిగారూ, ఈ దుంగల్ని తీగెలతో కలిపి కడితే ఇక్కడికిక్కడే వంద తెప్పలవుతాయి. రేపే దిబ్బకు పోవచ్చు. చెట్లు కొట్టకూడదనే కదా మనం పొట్టుమంచు మొదలుపెట్టింది?"

నయగుప్తుడు ఎంతో ఓపికగా విన్నాడు. "చూడు సూదప్పా," అన్నాడు, "దుంగలతో తెప్ప కడితే చెట్లు కొట్టినట్టవుతుంది. పొట్టు చేస్తే పరిశోధన అవుతుంది. ఆజ్ఞ చెట్లు కొట్టడం గురించి. పరిశోధన గురించి కాదు."

సూదప్ప ఆలోచిస్తూ ఇంటికొచ్చి, కొరకడానికి కర్ర దొరక్క, తన ముల్లునే ఒకదాన్ని పీక్కుని కొరికాడు.

నడిచలికాలం వచ్చింది. సరస్సు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా గడ్డకట్టింది. ఏటా గడ్డకట్టేదే. పొట్టుమంచు దిమ్మెలు పేర్చడానికి ఆ చలే అనువైంది కనుక పని ఉధృతంగా సాగుతోంది. ఓడ ఒడ్డు దగ్గర, గడ్డకట్టిన నీళ్ళ మీదే కొండలా లేస్తోంది. ఆ హడావుడిలో, నీళ్ళు గడ్డకట్టాయంటే దాని అర్థం ఏమిటని కొలువులో ఎవరికీ తట్టలేదు.

సారంగికి తట్టింది. తట్టడానికి ఆమెకు తెలివేమీ అక్కర్లేకపోయింది. గవ్వ రెండు రోజులుగా లేవలేదు. సారంగి పిల్లను ముట్టెతో తోస్తూ, మెడ కింద ఆసరా ఇస్తూ, మంచు మీద నడుస్తూ పోయింది. పొద్దు వాలేవేళకు ఉప్పుదిబ్బ చేరింది.

దిబ్బ మీద తోడేళ్ళ దొర కాపలా పెట్టిన కొండమేక ఒకటి నిలబడి ఉంది. చలికి దాని గడ్డం గడ్డకట్టి ఉంది.

"ఎలా వచ్చావమ్మా? పడవ మీదా?" అని అడిగింది.

"నడిచి వచ్చాను అన్నా. పిల్లకు ఒంట్లో బాగాలేదు."

కొండమేక కాసేపు ఆలోచించింది. "పడవ మీద వచ్చేవాళ్ళను ఆపమని మాకు చెప్పారు. నడిచి వచ్చేవాళ్ళ గురించి ఏమీ చెప్పలేదు. అటు పక్క ఉప్పు బాగుంటుంది, పిల్లను అటు తీసుకుపో."

గవ్వ మొదట నాలుక ఆనించి ఊరుకుంది. తర్వాత నాకడం మొదలుపెట్టింది. తెల్లారి చూస్తే తల్లి చుట్టూ గంతులు వేస్తోంది. సారంగి కొండమేకకు దండం పెట్టి వెనక్కి వచ్చింది. ఆమె ఎవరికీ చెప్పకూడదనే అనుకుంది. అయితే ఉప్పు తిన్న పిల్ల ఎగురుతుంటే ఎంతసేపు దాచగలదు? వారం తిరక్కుండా లేళ్ళు, దుప్పులు, కుందేళ్ళు, అన్నీ దిబ్బకు పోయి రావడం మొదలుపెట్టాయి. అవతలి అడవి లేళ్ళు కూడా అక్కడ కలిశాయి. చుట్టరికాలు కలుపుకున్నాయి. ఒకటి రెండు పెళ్ళి మాటలు కూడా నడిచాయి.

సంగతి కొలువుకు తెలిసింది. సేనాపతి కోరమల్లు లేచి, నడిచి పోగలిగితే సైన్యాన్ని ఇప్పుడే నడిపిస్తానన్నాడు. కొలువులో చాలామందికి ఆ మాట నచ్చింది కూడా. అప్పుడు నయగుప్తుడు లేచాడు. నడిచి పోయి గెలిస్తే, ఈ ఓడ ఎందుకు కట్టినట్టని అడిగాడు. ఇన్ని చెట్లు పొట్టు చేసింది ఎందుకని రేపు ఎవరైనా అడిగితే ఏం చెప్తామన్నాడు. రాజుగారు ఓడలో నిలబడి గెలవాలి గానీ, మంచు మీద జారిపడుతూ గెలిస్తే చరిత్రలో ఎలా ఉంటుందో ఊహించుకోమన్నాడు. విక్రాంతుడు ఊహించుకున్నాడు. ముఖం చిట్లించాడు.

ఆ రోజే కొత్త ఆజ్ఞ వచ్చింది. ఎవరూ సరస్సు మీద నడవకూడదు. అడుగుల అదురుకు ఓడకు హాని జరగవచ్చు.

సారంగిని పట్టుకొచ్చి కొలువులో నిలబెట్టారు. ఆమె మూతికి ఇంకా ఉప్పు అంటుకుని ఉంది. నేరం ఏమిటంటే, సైన్యం కంటే ముందు, యుద్ధం చెయ్యకుండా, శత్రువు స్థావరానికి చేరడం. సారంగి కాదనలేదు. పిల్ల చచ్చిపోతుంటే వెళ్ళాను, ఆజ్ఞ వచ్చాక వెళ్ళలేదు అంది. గవ్వ తల్లి కాళ్ళ మధ్య నిలబడి రాజును చూస్తోంది. అంత దగ్గరగా పులిని చూడటం దానికి అదే మొదలు.

ఆ పూట రాజుగారు భోజనం చేసి రాలేదు. మంత్రి ఆ సంగతి గమనించి, ఇలాంటి నేరానికి శిక్ష కొలువులోనే అమలు చెయ్యవచ్చని గుర్తుచేశాడు.

అప్పుడు సూదప్ప ముందుకొచ్చాడు. ఆయన వణికితే ముళ్ళన్నీ గలగలలాడతాయి కనుక భయం దాచుకునే వీలు లేదు.

"ప్రభూ, ఆమె నేరం నాది. ఆమె కోసమే ఈ మంచు కనిపెట్టాను. చిన్న తెప్ప చేసుంటే ఆమె ఎప్పుడో వెళ్ళి వచ్చేది. ఇది ఎండ వస్తే నిలవదు, చలి ఉంటే అక్కర్లేదు. ఈ ఓడతో మనకు పనిలేదు ప్రభూ."

అంటూనే ఆయన వెళ్ళి సారంగికీ పులికీ మధ్య నిలబడ్డాడు. ముళ్ళు నిక్కబొడుచుకుని ఉన్నాయి. విక్రాంతుడు ఆ ముళ్ళను చూశాడు, ఆకలిని తలచుకున్నాడు, రెండూ బేరీజు వేసుకున్నాడు. చివరికి సారంగిని క్షమించి పొట్టు మోసే పనిలో పెట్టమన్నాడు. సూదప్పను పరిశోధన నుంచి తీసేశాడు. పొట్టుమంచును కనిపెట్టింది నయగుప్తుడని ఆ సాయంత్రం చాటింపు వేశారు.

వసంతం వచ్చింది. సరస్సు కరిగింది. ఓడ కరగలేదు. నీళ్ళ మీద తేలుతూ, చిన్న పర్వతమంత ఎత్తున, లేత గోధుమరంగులో నిలబడింది. చూసినవాళ్ళంతా నోళ్ళు తెరిచారు. సూదప్ప కూడా దూరం నుంచి చూసి, తనకు తెలియకుండానే కాస్త గర్వపడ్డాడు.

చిక్కల్లా ఎండతోనే వచ్చింది. ఒడ్డున చెట్లు లేవు గనుక ఎండ నేరుగా ఓడ మీద పడుతోంది. ఏనుగులను పిలిపించి చెవులతో విసరమన్నారు. ఆ గాలి వెచ్చగా ఉండటంతో ఆపమన్నారు. నీడ కోసం చుట్టూ మొక్కలు నాటాలని ఒక ఆలోచన వచ్చింది. అవి పెరగడానికి నలభై ఏళ్ళు పడుతుందని తెలిసి, అంతకుముందే బయలుదేరడం మంచిదని తేల్చారు.

అప్పుడే భల్లయ్య నిద్ర లేచాడు. గుహలోంచి వచ్చి ఒళ్ళు విరుచుకుని, చుట్టూ చూసి, "అడవి ఏది?" అని అడిగాడు. జరిగిందంతా చెప్పి, ప్రతి పనికీ ఆయనే ఒప్పుకున్నాడని వివరించారు. భల్లయ్య తాను ఒప్పుకున్నానంటే బాగా ఆలోచించే ఒప్పుకుని ఉంటానన్నాడు. ఆయన్ను ఓడ ఎక్కించారు.

రాజు ఎక్కాడు. సేనాపతి ఎక్కాడు. సైన్యమూ, బంధువులూ ఎక్కారు. నయగుప్తుడు ఎక్కలేదు. గెలిచి వచ్చేటప్పుడు స్వాగతం చెప్పడానికి ఒడ్డున ఒకరు ఉండాలన్నాడు. అది నిజమేనని అందరికీ తోచింది.

ఓడ కదిలాక ఎవరో తెడ్లు అడిగారు. తెడ్లు కర్రతో చెయ్యాలి. అడవిలో కర్ర లేదు. ఓడ గాలి ఎటు తోస్తే అటు పోసాగింది. గాలి రోజంతా దాన్ని ఒకేచోట గుండ్రంగా తిప్పింది. రాజుగారు ఇది వ్యూహమని అనుకుని తొట్టిలో స్నానానికి దిగాడు. ఏనుగులు వేడినీళ్ళ ఊటనుంచి తెచ్చి నింపిన తొట్టి అది. వేడినీళ్ళకు పొట్టుమంచు నెమ్మదిగా, అయినా కచ్చితంగా, కరిగింది. రాజుగారు హాయిగా కునుకు తీస్తూ అంగుళం అంగుళం కిందికి దిగాడు. మెడ దాకా దిగాక నీళ్ళు చల్లబడ్డాయి. చుట్టూ ఉన్న ఓడ చలికి, ఆ నీళ్ళూ అందులో కలిసిన పొట్టూ మళ్ళీ గట్టిపడ్డాయి.

మెలకువ వచ్చేసరికి విక్రాంతుడు ఓడలో భాగమైపోయాడు. తల ఒక్కటే బయట ఉంది.

కొట్టి పగలగొట్టమని కోరమల్లుకు ఆజ్ఞ ఇచ్చాడు. కోరమల్లు ఆ గడ్డను చూశాడు. మిగిలిన కోరను నాలుకతో తడుముకున్నాడు.

"ప్రభూ, నాకిక ఒక్కటే ఉంది," అన్నాడు.

భల్లయ్యను సలహా అడిగారు. ఇంజనీరుగా ఆయన, ఎండలు ముదిరితే ప్రభువు తమంతట తామే బయటికొస్తారని చెప్పాడు. ఆయన ఉద్యోగంలో ఇచ్చిన ఒకే ఒక సలహా అది. సరైనదే.

ఈలోగా గాలి మారి ఓడను ఉప్పుదిబ్బ వైపు తోసింది. దిబ్బ మీదా అవతలి ఒడ్డునా ఉన్న తోడేళ్ళకు కనిపించిందేమిటంటే, ఒక కొండ నీళ్ళ మీద తమకేసి నడిచి వస్తోంది. ఆ కొండకు పులి తల ఉంది. ఆ తల తనను బయటికి తియ్యమని గొంతు చించుకుని గర్జిస్తోంది. మాటలు వాళ్ళకు వినపడలేదు. గర్జన వినపడింది. తోడేళ్ళు తెప్ప ఎక్కి పారిపోయి, ఒడ్డు చేరాక కూడా ఆగకుండా కొండలు దాటి వెళ్ళిపోయాయి. కొండమేక కూడా వాళ్ళతోనే పోయింది.

ఓడ వచ్చి దిబ్బను ఢీకొని ఇరుక్కుంది. ఒక్క దెబ్బ తగలకుండా యుద్ధం గెలిచారు. ఒడ్డున నయగుప్తుడు విజయోత్సవం జరిపించాడు.

తర్వాత ఎండలు ముదిరాయి. ఉప్పుదిబ్బ మీద వాలిన ఓడ కరగడం మొదలైంది. పర్వతమంత మంచు, పర్వతమంత మంచినీళ్ళు. ఆ నీళ్ళు పగలూ రాత్రీ దిబ్బ మీదుగా పారాయి. ఉప్పు కరిగింది. ముందు పైన ఉన్నది, తర్వాత లోపలిది. ఆషాఢం గడిచేసరికి రాజుగారు మంచులోంచి బయటికొచ్చాడు. దిబ్బ కూడా ఉప్పులోంచి బయటికొచ్చింది. మిగిలింది ఒట్టి నల్లరాయి. దాని మీద పులి, పంది, ఎలుగుబంటి, సైన్యం, బంధువులు. చేపలు పట్టుకు తింటూ, ఒకరి తోక ఒకరు తొక్కుకుంటూ, మళ్ళీ నీళ్ళు గడ్డకట్టేదాకా అక్కడే ఉన్నారు. తర్వాత నడుచుకుంటూ ఇంటికొచ్చారు. రాజుగారు దారిలో చాలాసార్లు జారిపడ్డాడు.

ఆ వేసవిలో ఒడ్డున జరిగింది వేరు. ఓడ కరిగినప్పుడు ఊడిన పొట్టంతా ఉప్పునీళ్ళలో నాని, అలల మీద కొట్టుకొచ్చి రెండు ఒడ్డులకూ చేరింది. గవ్వ ఒకరోజు ఆ గోధుమరంగు మెత్తటి ముద్దను వాసన చూసి, నాకి, తల్లిని పిలిచింది. సారంగి వచ్చి నాకింది. తర్వాత పరుగెత్తుకుంటూ పోయి సూదప్ప బొరియ ముందు నిలబడింది.

"బాబాయ్, ఓడ వచ్చింది. తిందువు గాని రా," అంది.

సూదప్పకు లోకంలో ఇష్టమైనవి రెండే. ఒకటి కర్ర, రెండోది ఉప్పు. ఆయన నీళ్ళంచున కూర్చుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. ఒళ్ళంతా పొట్టు అంటుకున్న గవ్వ ఆయన పక్కనే చేరింది. అవతలి ఒడ్డున లేళ్ళు కూడా వచ్చి తింటున్నాయి. విక్రాంత విజయం అనే ఆ మహా నౌకను రెండు అడవుల గడ్డి మేసే జంతువులూ కలిసి శీతాకాలం లోపల తినేశాయి.

ఇక కొలువు సంగతి. రాజుగారు తిరిగి వచ్చాక గెలుచుకున్న దిబ్బకు గట్టి కాపలా పెట్టాలని తీర్మానించారు. ఆ నల్లరాయి మీద ఇప్పటికీ సైనికులు నిలబడే ఉన్నారు. భల్లయ్యకు బిరుదు ఇచ్చారు. ఆయన నిద్రలో ఉండటంతో గుహ వాకిట పెట్టి వచ్చారు. నయగుప్తుడు ముఖ్యమంత్రి అయ్యాడు.

ఈ కథలో నీతి: ఓడ దేనితో కట్టినా పర్వాలేదు, కట్టించినవాడు మాత్రం ఒడ్డునే ఉండాలి.